అబిడ్స్ ఆదివారం పుస్తకాలు: చచ్చా స్టాల్‌ల దొరికిన క్యాష్ వ్యాలీ

ఆదివారం షాపులు బంద్ ఉంటయి కదా, అప్పుడు హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తరు, అందుల జీపీవో దగ్గర కూర్చునే ఒక చచ్చా స్టాల్ గురించే ఈ రివ్యూ. ఎక్కువగా కాంపిటీటివ్ గైడ్లు, ఇంగ్లీష్ నవలలే ఉంటయి కానీ ఎవరూ ముట్టని హిస్టరీ కుప్ప ఒకటి వెనక ఉంటది, నేను పోయేది దానికోసమే.

మొన్న అందుల అమెరికాల యూటా, ఐడహో రాష్ట్రాల బార్డర్ మీదున్న క్యాష్ వ్యాలీ లోకల్ హిస్టరీ దొరికింది. అట్ట ఊడింది, టైటిల్ పేజీ లేదు, 200 చెప్పి 120కి ఇచ్చిండు. రాత్రి ఒంటిగంట దాకా చదివిన. 1856ల పీటర్ మాన్ అనే ఆయన కొన్ని కుటుంబాలతోని వచ్చి ఇప్పటి వెల్స్‌విల్ దగ్గర దిగిండు, 1859ల లోగన్, 1860ల ఫ్రాంక్లిన్ ఊర్లు లేచినయి. ఫ్రాంక్లిన్ వాళ్ళైతే యూటాలనే ఉన్నమనుకున్నరు, 1872 సర్వేల చూస్తే ఊరు ఐడహోల తేలింది!

నాకు బాగా పట్టుకున్నది కాలువల ముచ్చట. అక్కడ ఎండాకాలం వానలు సరిగ పడవు, కొండల మీది మంచు కరిగి వాగులల్ల వచ్చే నీళ్ళే దిక్కు, అందుకని ఊరంతా కలిసి పారలు పట్టి కాలువలు తవ్వుకున్నరు, తవ్విన పనిని బట్టి నీళ్ళల్ల వాటా, వంతు ప్రకారం మడి తడుపుకోవాలె, దానిమీద వాటర్ మాస్టర్ అని ఒకాయన. మా తాత ఊర్ల చెరువు తూము కాడ నీరటి చేసిన పని అదే కదా అనిపించి ఆ పేజీలు రెండుసార్లు చదివిన.

ఒక్క కాడ మాత్రం చానా కోపమొచ్చింది. వీళ్ళు రాకముందు నుంచీ ఆ లోయ షోషోనీలది, అంటే అక్కడి ఆదివాసీలది. 1863 జనవరి 29న అమెరికా సైన్యం కల్నల్ ప్యాట్రిక్ కానర్ సిపాయిలు బేర్ రివర్ ఒడ్డున చలికాలం గుడారాలల్ల ఉన్నోళ్ళను వందలమందిని చంపిండ్రు, ఆడవాళ్ళను, పిల్లలను కూడా. ఇప్పుడు దాన్ని ఊచకోత అనే అంటరు. ఈ పుస్తకంల మాత్రం "యుద్ధం" అని అర పేజీల ముగించిండ్రు, పెళ్ళిళ్ళల్ల ఫిడేలు వాయించినోళ్ళ పేర్లు రెండు పేజీలు రాసినోళ్ళకు చనిపోయినోళ్ళ పేరు ఒక్కటి దొరకలేదా?

స్టాల్ సంగతి అంటే, చచ్చా తొందర పెట్టడు, స్టూల్ ఇచ్చి చూస్కో బేటా అంటడు, ఫోన్‌పే కూడా ఉంది. కానీ నా కాపీల మ్యాప్ చింపేసి ఉంది, ఇంటికొచ్చినంక చూసిన, కాబట్టి పేజీలన్నీ తిప్పి కొనుక్కోండి. పదిలోపు పోతే కుప్ప కదలకుండ ఉంటది. షోషోనీల దిక్కు నుంచి రాసింది ఏదన్న వస్తే పక్కన పెట్టుమని చచ్చాకు చెప్పిన, వచ్చే ఆదివారం మళ్ళ పోతున్న.