ఖాప్ అనే ఒక్క మాట: ఐదేళ్ళ బీఎల్ సిరీస్‌ల తర్వాత యాక్టింగ్ గురించి నా సమీక్ష

నేను కూడా చాలామందిలాగే 2020 లాక్‌డౌన్‌లో 2గెదర్ అనే థాయ్ సిరీస్‌తో మొదలుపెట్టా. తర్వాత థాయ్‌లాండ్, జపాన్, తైవాన్, కొరియా, ఏది దొరికితే అది చూసుకుంటూ పోయా. బీఎల్ అంటే బాయ్స్ లవ్, అబ్బాయిల మధ్య ప్రేమకథలు, అంతే చెప్తా, ఎక్కడ చూడాలి, ఎవరు ఎవరికి జోడీ లాంటివి ఇక్కడ రాయట్లేదు, ఇంతవరకు వచ్చి చదివేవాళ్ళకి అవన్నీ తెలుసు. నేను చెప్పాలనుకుంటున్నది ఒక్కటే. ఇన్నేళ్ళుగా వీడు బాగా చేశాడు, వాడు చెక్కముఖం అని మార్కులు వేస్తూ వచ్చా కదా, ఆ మార్కుల్లో సగం నేను సబ్‌టైటిల్స్‌కి వేశానని తెలిశాక నాకు నిజంగా కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు.

విషయం ఏంటంటే, సోటస్ అనే థాయ్ కాలేజీ సిరీస్ చూసినప్పుడు (2016ది, 15 ఎపిసోడ్లు) నా అభిప్రాయం చాలా గట్టిగా ఉండేది. సీనియర్ ఆథిత్‌గా చేసిన క్రిస్ట్ అదరగొట్టాడు, జూనియర్ల మీద అరుస్తాడు, లోపల మెత్తగా ఉంటాడు, సిగ్గుపడితే చెవుల దాకా తెలిసిపోతుంది. జూనియర్ కాంగ్‌పొబ్‌గా చేసిన నటుడి పేరే సింగ్‌తో, అతనిది మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒక్కటే ముఖం, ఒక్కటే చిరునవ్వు. ఇది నా ఫ్రెండ్స్ అందరికీ చెప్పా, మూడేళ్ళు వాదించా కూడా. ఎవరైనా సింగ్‌తో బాగా చేశాడు అంటే మీరు ముఖం చూసి పడిపోయారు అనేదాన్ని.

తర్వాత మా ఆఫీసుకి బ్యాంకాక్ బ్రాంచ్ నుంచి ఒకమ్మాయి ట్రైనింగ్‌కి వచ్చింది, మూడు వారాలు. తనకి ఇక్కడ ఎవరూ తెలీదు, నాకేమో థాయ్ సిరీస్‌ల గురించి మాట్లాడే మనిషి దొరికింది, రెండో రోజుకే కలిసిపోయాం. ఒక ఆదివారం మధ్యాహ్నం గచ్చిబౌలిలో నా పీజీ రూమ్‌లో మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని సోటస్ మొదటి ఎపిసోడ్ వేశాం. తను కాలేజీలో ఉన్నప్పుడు చూసిందట. హాల్లో జూనియర్లంతా కింద కూర్చుని ఉంటారు, సీనియర్లు ముందు వరసగా నిలబడి అరుస్తుంటారు, కాంగ్‌పొబ్ లేచి నిలబడి ఆథిత్‌కి ఎదురు చెప్తాడు కదా, ఆ సీన్. ఉన్నట్టుండి తను పకపకా నవ్వింది. నేను స్క్రీన్ వైపు చూస్తే సబ్‌టైటిల్‌లో "యస్" అని ఒక్క ముక్క ఉంది. యస్‌లో నవ్వడానికి ఏముంది?

"అతను ఖాప్ అన్న తీరు వినలేదా?" అంది. వెనక్కి జరిపి మళ్ళీ వేసింది. వినలేదు. ఈసారి సబ్‌టైటిల్స్ ఆపేసి వేసింది. మూడోసారికి వినపడింది.

ఖ్రాప్ అని రాస్తారు, మాటల్లో ఎక్కువగా ఖాప్ అనే వినిపిస్తుంది, మగవాళ్ళు మర్యాదగా మాట్లాడేటప్పుడు వాక్యం చివర పెట్టే మాట, ఆడవాళ్ళైతే ఖా. మన "అండీ" అనుకోండి. ఇప్పుడు మీ ఇంట్లో "అండీ" ఎన్ని రకాలుగా వినపడుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మా అమ్మ మామూలు రోజు నాన్నతో "అలాగేనండీ" అంటే ఒక అర్థం, రెండు రోజులు మాట్లాడకుండా ఉండి మూడో రోజు ప్రతి అక్షరం విడివిడిగా "అలాగేనండి" అందంటే నాన్న పేపర్ మడిచి పక్కన పెట్టేస్తారు. మాటలో మర్యాదకి ఏ లోటూ ఉండదు, వాత మాత్రం అందులోనే ఉంటుంది. కాంగ్‌పొబ్ చేసేది అచ్చంగా అదే. సీనియర్ ఎంత అరిచినా, ఏ శిక్ష వేసినా, వాడు ఒక్క మర్యాద కూడా తగ్గించడు, "ఖాప్", "పీ ఆథిత్" అంటూనే ఉంటాడు (పీ అంటే అన్నా, అక్కా, పెద్దవాళ్ళ పేరు ముందు పెడతారు), రూల్ ప్రకారం వాణ్ణి పట్టుకోవడానికి ఏమీ దొరకదు, కానీ ఆ ఖాప్‌ని అరక్షణం ఆలస్యంగా, కొంచెం తాపీగా వదుల్తాడు, దానికే ఆథిత్‌కి ఒళ్ళు మండిపోతుంది. నేను ఓవరాక్షన్ తక్కువైన మనిషిని చూసి యాక్టింగే లేదు అనుకున్నా, ఆ పిల్లాడు మొత్తం పాత్రని ఒక్క అక్షరం మీద నడుపుతున్నాడు.

తను ఇంకో మాట కూడా చెప్పింది, అది నాకు బాగా పనికొచ్చింది. థాయ్‌లో 5 స్వరాలు ఉంటాయి (అచ్చులు కాదు, గొంతు ఎత్తి దించే తీరులు), పలికే స్వరం మారితే మాట అర్థమే మారిపోతుంది, కాబట్టి మనలాగా కోపం వస్తే ఒకలా ముద్దొస్తే ఒకలా ఇష్టమొచ్చిన రాగంలో లాగడానికి అంతగా కుదరదు, అందుకని ఆ భావమంతా వాక్యం చివర ఉండే ఈ చిన్న చిన్న మాటల్లోకి చేరుతుంది, ఖాప్, ఖా, న, సి ఇలాంటివి. ఇంగ్లిష్ సబ్స్‌లో మొదట ఎగిరిపోయేవి కూడా అవే. అంటే నటుడు ఎక్కువ పని ఎక్కడ చేస్తున్నాడో సరిగ్గా అక్కడే మన చెవులు మూసేస్తున్నారు.

పిలుపుల సంగతి ఇంకా ఘోరం. స్నేహితులు గూ (నేను), మ్యుంగ్ (నువ్వు) అనుకుంటారు, కొత్తవాళ్ళతో అంటే అది తిట్టుతో సమానం. మర్యాదగా అయితే ఫొమ్ (మగవాళ్ళు అనే నేను), ఖున్ (మీరు). పెద్దవాళ్ళయితే పీ, చిన్నవాళ్ళయితే నాంగ్. కొన్నిసార్లు తమ పేరుతోనే తమని చెప్పుకుంటారు. ఇన్నింటికీ సబ్‌టైటిల్‌లో వచ్చేవి "ఐ", "యూ" రెండే. నువ్వు, మీరు, ఏరా, ఒరేయ్, ఏమండీ అన్నీ ఉన్న భాషలో పుట్టి పెరిగిన మనం దాన్ని ఇంగ్లిష్ కిటికీలోంచి చూస్తున్నాం, నాకు అక్కడే కడుపు మండుతుంది. తెలుగులో సబ్స్ వేస్తే ఇందులో చాలాభాగం తేలిగ్గా దక్కేది. బ్యాడ్ బడ్డీ అనే ఇంకో థాయ్ సిరీస్‌లో పాట్, ప్రాణ్ గొడవపడేటప్పుడూ దగ్గరయ్యాకా "రా" అనుకునే కుర్రాళ్ళలాగే ఉంటారు, ఆ "రా" లోపల చల్లదనం వేడి మారుతూ ఉంటాయి, దాన్ని "యూ" అని రాస్తే ఏం మిగులుతుంది? నేను ఒక యాప్‌లో చూసిన ఒక సిరీస్‌లో అయితే పీ అన్న ప్రతిచోటా "సీనియర్" అని వేశారు. ప్రేమలో ఉన్న కుర్రాడు ఏడుస్తూ "సీనియర్, వెళ్ళకు" అంటాడు. ఆ సీన్‌లో ఆ అబ్బాయి యాక్టింగ్ నాకు నచ్చలేదని అప్పట్లో చాలామందికి చెప్పా, ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఆ రోజు మేం నాలుగు ఎపిసోడ్లు చూశాం. మధ్యలో ఆథిత్ అంటే సూర్యుడు, ఆదివారం కూడా అని చెప్పింది, మాకూ ఆదిత్య, ఆదివారం అని చెప్తే ఎంత సంబరపడిందో. కాంగ్‌పొబ్‌లో పొబ్ మన "భవ"మేనట. ఆథిత్ తాగే గులాబీరంగు పాలు దొరుకుతాయా అని అడిగింది, రోజ్ మిల్క్ తెప్పించా, ఇంచుమించు ఇదే అంది.

దీని తర్వాత నేను చూసే పద్ధతి మారిపోయింది. ముందు ఒకసారి సబ్స్‌తో చూస్తా, కథ తెలియాలి కదా. నచ్చిన సీన్ ఒక పది నిమిషాలు సబ్స్ ఆపేసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మళ్ళీ చూస్తా, వాక్యాల చివర్లు మాత్రమే వింటా, మాట్లాడని మనిషి ముఖం చూస్తా. సబ్స్ ఉన్నంతసేపు మన కన్ను కింద గీత మీదే ఉంటుంది, రెండో మనిషి ఏం చేస్తున్నాడో అసలు కనపడదు. బ్యాడ్ బడ్డీ 5వ ఎపిసోడ్‌లో టెర్రస్ మీద సీన్ అలా చూస్తే ప్రాణ్‌గా చేసిన నానన్ ఎంత పని చేశాడో అర్థమైంది, చిన్నప్పట్నుంచి నటిస్తున్న మనిషి, ముద్దు కంటే ముద్దు తర్వాత వదిలేసి వెళ్ళిపోయే ముందు అతని ముఖం చూడండి.

కెమిస్ట్రీ గురించి ఇక్కడే చెప్పేస్తా. కెమిస్ట్రీ వేరు, యాక్టింగ్ వేరు. ఒకే జోడీని మళ్ళీ మళ్ళీ వేస్తారు, ఫ్యాన్ మీటింగులు పెడతారు, బయట కూడా చేతులు పట్టుకుని నడుస్తారు, సిరీస్ మొదలయ్యేసరికే మనం సగం ఒప్పేసుకుని ఉంటాం. ఐ టోల్డ్ సన్‌సెట్ అబౌట్ యూ అనే థాయ్ సిరీస్ చూసి అందులో జోడీగా చేసిన బిల్కిన్, పీపీ గురించి నేనూ కెమిస్ట్రీ కెమిస్ట్రీ అని ఊగిపోయా, కానీ ఇంకోసారి చూస్తే నన్ను పట్టుకున్నది ఫుకెట్‌లో చైనీస్ పాఠం చెప్పే సీన్లలో ఒకడు చదువుతుంటే ఇంకొకడు వినే తీరు. నటించకుండా వినడం చాలా కష్టం. స్పాన్సర్ వస్తువులు చేతిలో పెట్టే సీన్లు వస్తే మాత్రం ఎంత మంచి నటుడైనా పాఠం అప్పజెప్పినట్టే ఉంటుంది, వాటిని నేను లెక్కలోకి తీసుకోను.

జపాన్‌వాళ్ళు బాగా చేస్తారు, థాయ్‌వాళ్ళు అతి చేస్తారు అని ఒకప్పుడు ఒకే వాక్యంలో తేల్చేసేదాన్ని. చెర్రీ మ్యాజిక్ (2020) నాకు ఇప్పటికీ ప్రాణం, కురొసావా పైకి ప్రశాంతంగా ఉంటాడు, తాకితే ఎదుటివాళ్ళ మనసులో మాట వినగలిగే అదాచి చెయ్యి తగిలితే అతని లోపలి గొంతు గోల గోలగా వినపడుతుంది, మచిద కెయితా ఆ రెండూ కలవకుండా పట్టుకున్నాడు. ఉత్సుకుషీ కారె (2021) లో హిరకి నత్తి, మనసులో మాట్లాడుకునేటప్పుడు మాత్రం గడగడా మాట్లాడతాడు, జపనీస్ ముక్క రాకపోయినా ఆ తేడా చెవికి తెలుస్తుంది. కానీ ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ళ యాక్టింగ్ నాకు ఎక్కువ నచ్చడానికి కారణం కథలోనే మనసులో మాట బయటికి వినిపించే ఏర్పాటు ఉండటం కూడా. థాయ్ కుర్రాళ్ళకి ఆ సాయం లేదు.

చైనా సిరీస్ ది అన్‌టేమ్డ్ సంగతి ఇంకో రకం. 50 ఎపిసోడ్లు కళ్ళార్పకుండా చూసి, వాంగ్ యీబొ ఒక్క "ఊఁ"తో చంపేశాడు అని తిరిగా. తర్వాత తెలిసింది ఆ గొంతు బియన్ జియాంగ్ అనే డబ్బింగ్ ఆర్టిస్టుదని. చైనా సీరియళ్ళలో ఇది మామూలే. సమంతకి చిన్మయి గొంతు విని పెరిగిన మనకి ఇది వింతేం కాదు, కాకపోతే కళ్ళకి వేసే మార్కులు, గొంతుకి వేసే మార్కులు విడివిడిగా వేయాలి. కళ్ళకి నేను వేసిన మార్కులు తగ్గించట్లేదు.

ఇక సోటస్‌కి యాక్టింగ్‌లో నా పాత మార్కు 6, ఇప్పుడు 8. ఆథిత్ అరుపులు ఈసారి కొంచెం ఎక్కువ అనిపించాయి, అది కూడా ఒప్పుకోవాలి. ఇంకో ఇబ్బంది ఉంది, కథలో ఉన్నది ర్యాగింగే, దాన్ని సంప్రదాయం అని మొదట్లో బాగా మెత్తగా చూపిస్తారు. నేను ఇంజినీరింగ్ హాస్టల్లో థర్డ్ బటన్ వైపు తల దించుకుని నిలబడిన దాన్ని, ఫ్రెషర్స్ పార్టీ దాకా సీనియర్లని మేడమ్ అని, ఆ మర్నాటి నుంచి అక్కా అని పిలిచిన దాన్ని. ఆ మేడమ్‌కీ అక్కాకీ మధ్య దూరం తెలుసు కాబట్టే కాంగ్‌పొబ్ ఖాప్ నాకు అంతలా తగిలింది. ఆ రోజులు మీకు చేదుగా ఉంటే మొదటి మూడు నాలుగు ఎపిసోడ్లు కష్టం, బ్యాడ్ బడ్డీతో మొదలుపెట్టండి.

నేను రాత్రి షిఫ్ట్ అయ్యాక ఒక్కదాన్నే ఇయర్‌ఫోన్స్‌తో చూస్తా, వెనక్కి జరుపుకుని పదిసార్లు వినే తీరిక ఉంది. ఇంట్లో పిల్లలతో, టీవీలో, పక్కన కుక్కర్ విజిల్ మధ్య చూసేవాళ్ళకి ఈ పద్ధతి కుదరకపోవచ్చు, వాళ్ళకి సబ్స్ బాగున్న చోట చూడటమే మంచిది. పైగా నాకు వచ్చిన థాయ్ మహా అయితే రెండు వందల మాటలు, అవి కూడా ఒక బ్యాంకాక్ అమ్మాయి చెవితో విన్నవి.

తను వెళ్ళిపోయి చాలా రోజులైంది, అప్పుడప్పుడు వాయిస్ మెసేజ్ పెడుతుంది. పోయిన నెల నాకోసం ఐదు రకాల ఖా రికార్డ్ చేసి పంపింది, ఏది కోపం, ఏది అలక, ఏది నిజంగా సరే అన్నది చెప్పమని. మూడు పట్టుకున్నా. మిగతా రెండూ నాకు ఇంకా ఒకేలా వినపడుతున్నాయి.