బొబ్బిలి వీణా, తంజావూరు వీణా?

రెండూ పనస చెక్కతో చేసినవే. రెంటికీ 24 మెట్లు (తీగను నొక్కి స్వరం పలికించే అడ్డపట్టీలు), 7 తీగలు: వాయించడానికి 4, తాళానికి 3. రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. తేడా అంతా ఆ కొయ్యను మలిచే తీరులోనే.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాల వాళ్లు కుండ (నాదం పలికే గుండ్రటి భాగం), దండి (మెట్లుండే పొడవాటి భాగం) కలిపి ఒకే దుంగలోంచి తొలుస్తారు. అదే ఏకాండి వీణ. కుండ నుంచి దండి మీదుగా చెయ్యి జార్చి చూడండి, ఎక్కడా అతుకు తగలదు. ఆ నునుపు నాకెంతో ఇష్టం. కానీ పగులు వస్తే మాత్రం బాగుచేయించడం కష్టం.

తంజావూరులో ఏకాండి వీణలూ చేస్తారు గానీ, కుండ, దండి, దాని చివర ఉండే యాళి (సింహం లాంటి కల్పిత జంతువు) ముఖం విడివిడిగా చేసి అతికించినవి కొంచెం తక్కువ ధరకే దొరుకుతాయి. దెబ్బతిన్న భాగం మార్చుకోవచ్చు కూడా. కొత్తగా నేర్చుకునే పిల్లలకు నేను ఇదే చెబుతాను.

ఏళ్ల తరబడి సాధన చేసేవాళ్లయితే బొబ్బిలికే వెళ్లండి. ఫొటో చూసి కొనకండి. మంద్రంలో (కింది స్థాయిలో) ఒక్క తీగ మీటి, నాదం పూర్తిగా ఆగేదాకా వినండి. మెట్లు మైనంలో నిలుస్తాయి కాబట్టి ఏ వీణనైనా ఎండలో ఉంచొద్దు. మళ్లీ మెట్లు వేసేవాళ్లు మీ ఊరికి దగ్గర్లో ఉన్నారో లేదో కొనేముందే కనుక్కోండి.