కేంబ్రిడ్జ్‌లో ఇంజనీరింగ్: రెండు టర్ముల తర్వాత ఒక అమ్మ రివ్యూ

మా అమ్మాయి కేంబ్రిడ్జ్‌లో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువుతోంది. రెండు టర్ములు అయిపోయి ఈస్టర్ సెలవులకి ఇంటికొచ్చింది. ఇక్కడ ఇంగ్లండ్‌లోని లెస్టర్ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళూ, హైదరాబాద్ చుట్టాలూ అడిగేవి రెండే: ఏ బ్రాంచి, ఏ కాలేజీ. ఆ రెండిటినీ బట్టి కేంబ్రిడ్జ్ చదువు ఎలాంటిదో తెలియదు కాబట్టి ఈ రివ్యూ.

బ్రాంచి అంటారా, మొదటి రెండేళ్ళూ అసలు బ్రాంచే లేదు. మెకానిక్స్, స్ట్రక్చర్స్, ఎలక్ట్రికల్, మ్యాథ్స్ అందరూ చదవాల్సిందే. మూడో ఏట నుంచి కావలసిన దారి పడతారు, నాలుగేళ్ళకి ఎంఇంజ్ (మాస్టర్స్ స్థాయి ఇంజనీరింగ్) పట్టా. కంప్యూటర్ సైన్స్ కావాలంటే అది వేరే కోర్సు, మొదటే దానికి అప్లై చేయాలి. పదిహేడేళ్ళకే "సివిలా, ఈసీఈనా" అని ఇంటిల్లిపాదీ తలలు బద్దలు కొట్టుకోనక్కర్లేదు. నాకిది చాలా నచ్చింది.

ఇక కాలేజీ. మొత్తం 31 కాలేజీలుంటే డిగ్రీ పిల్లల్ని తీసుకునేవి 29. అన్నిటికన్నా పాతది పీటర్‌హౌస్, 1284 నాటిది. కాలేజీ ఏదైనా లెక్చర్లు, ల్యాబులు ట్రంపింగ్టన్ స్ట్రీట్‌లోని డిపార్ట్‌మెంట్ వాళ్ళవే, పరీక్షా ఒకటే, పట్టా ఒకటే. అయినా మనవాళ్ళకి పట్టింపు. ట్రినిటీ అంటే రామానుజన్, సెయింట్ జాన్స్ అంటే కట్టమంచి రామలింగారెడ్డి గారు, అక్కడ చదువుకుని వచ్చి తర్వాత ఆంధ్రా యూనివర్సిటీకి మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు కదా అని మా మామగారు ఒక పూట క్లాసు తీసుకున్నారు. తీరా మా అమ్మాయి అడిగిన కాలేజీ ఒకటి, సీటిచ్చిన కాలేజీ ఇంకొకటి. దీన్ని వింటర్ పూల్ అంటారు. పిల్ల నచ్చినా తమ దగ్గర సీట్లు లేకపోతే ఆ అప్లికేషన్ని మిగతా కాలేజీల ముందు పెడతారు. ఇప్పుడు ఆ మొదటి కాలేజీ ఊసే ఎత్తదు.

అడ్మిషన్ దగ్గర టెన్షన్ నిజమే. ఇక్కడ డిగ్రీ అప్లికేషన్లన్నీ యూకాస్ అనే సంస్థ ద్వారా వేయాలి, దాని గడువు అక్టోబర్ 15, చాలా యూనివర్సిటీలకన్నా మూడు నెలలు ముందు. ఒక ఏడాదిలో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రెండిటికీ వేయడానికి లేదు. ఇంజనీరింగ్‌కి ఈశాట్ అనే పరీక్ష ఉంటుంది. మూడు భాగాలు, ఒక్కోదానిలో 27 ప్రశ్నలు, 40 నిమిషాలు, కాలిక్యులేటర్ ఉండదు. ఎంసెట్ రాసి ఫార్మసీ చదివిన నాకు ఆ పరుగు కొత్తగా అనిపించలేదు, మా అమ్మాయికే అనిపించింది. డిసెంబర్లో ఇంటర్వ్యూ ఆన్‌లైన్లో జరిగింది. "నీ ఆశయం ఏమిటి" లాంటివేవీ అడగరు. లెక్క ఇస్తారు, చేస్తూ పైకి మాట్లాడమంటారు, ఆగిపోతే చిన్న హింట్ ఇచ్చి ఎలా అందుకుంటావో చూస్తారు. మాకు తెలిసిన ఒకాయన కొడుకుని ఏదో ఇంటర్వ్యూ కోచింగ్‌లో వేలకి వేలు పోసి చేర్పించాడు. వాళ్ళు జవాబులు బట్టీ పట్టించారట! కేంబ్రిడ్జ్ వాళ్ళే నమూనా ఇంటర్వ్యూల వీడియోలు పెట్టారు, ఐజాక్ సైన్స్ (పాత పేరు ఐజాక్ ఫిజిక్స్) సైట్లో కావలసినన్ని లెక్కలున్నాయి, అన్నీ ఉచితం. జనవరి ఆఖర్లో కబురొచ్చింది. ఏ లెవెల్స్‌లో, అంటే ఇక్కడి ఇంటర్ లాంటి పరీక్షల్లో, రెండు ఏ స్టార్లు, ఒక ఏ తెచ్చుకోమన్నారు. ఫలితాలొచ్చే ఆగస్టు దాకా మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు.

అసలు సరుకు సూపర్‌విజన్. ఇద్దరు పిల్లలు, ఒక సూపర్‌వైజర్, గంటసేపు. ముందుగా ఎగ్జాంపుల్స్ పేపర్ అని లెక్కల షీటు ఇస్తారు, చేసి పంపించి వెళ్ళాలి. అక్కడ కూర్చోబెట్టి "ఈ లైన్ నుంచి ఆ లైన్‌కి ఎలా వచ్చావు" అని తవ్వుతారు. స్కూల్లో టాపర్‌గా ఉన్న పిల్ల మొదట్లో ఫోన్ చేసి ఒకటే గోల: "అమ్మా, ఆన్సర్ కరెక్టే, అయినా వదల్లేదు." వందమంది క్లాసులో అర్థం కాకపోయినా తలూపి బయటపడొచ్చు. ఇద్దరున్న గదిలో ఆ వీలు లేదు. ఇప్పుడు తనే "ఇక్కడ నాకు అర్థం కాలేదు" అని షీటు మీద రాసి పంపుతోంది. ఆ ఒక్క మార్పు కోసమే నేను అయిదు స్టార్లు ఇస్తాను. పైగా ఇంగ్లండ్ పిల్లలకి 2025-26లో ఫీజు ఏడాదికి 9,535 పౌండ్లు. ఈ దేశంలో దాదాపు ఏ యూనివర్సిటీకి వెళ్ళినా అంతే కట్టాలి.

ఒక స్టారు మాత్రం కోస్తాను. టర్ము ఎనిమిది వారాలే, ఆ ఎనిమిదింటిలో ఊపిరి తీసుకోనివ్వరు. ఐదో వారం నీరసానికి అక్కడ పేరే ఉంది, వీక్ ఫైవ్ బ్లూస్ అని. టర్ములో పార్ట్‌టైమ్ ఉద్యోగం చేయొద్దంటారు. చాలా కాలేజీల్లో టర్ము అవగానే గది ఖాళీ చేయాలి, కాబట్టి ఏడాదికి మూడుసార్లు కారు నిండా దుప్పట్లూ గిన్నెలూ. గదిలో రైస్ కుక్కర్ పెట్టనివ్వరు. అంతస్తుకో చిన్న వంటగది, దాన్ని జిప్ అంటారు, చాలావాటిలో ఓవెన్ కూడా ఉండదు. రామానుజన్ గదిలోనే వండుకు తిన్నాడని చెప్పుకుంటారు గానీ, ఇప్పుడైతే పోపు వేయగానే ఫైర్ అలారం మోగి పోర్టర్ (కాలేజీ గేటు చూసుకునేవాడు) పరిగెత్తుకొస్తాడు. గౌన్లు, లాటిన్ ప్రార్థన, కొవ్వొత్తుల వెలుగులో భోజనం ఫొటోలకి బాగుంటాయి. తిండి మామూలే, శాకాహారులకి మరీ మామూలు.

ఇండియా నుంచి పంపాలనుకునేవాళ్ళకి లెక్క వేరు. ఇంజనీరింగ్‌కి విదేశీ పిల్లల ఫీజే ఏడాదికి 40 వేల పౌండ్లు దాటుతుంది, పైన కాలేజీ ఫీజు, గది, తిండి. అందరూ చెప్పే గేట్స్ కేంబ్రిడ్జ్ స్కాలర్‌షిప్ పీజీ వాళ్ళకే, డిగ్రీకి ఇవ్వరు. అందుకే మా అక్క కొడుకుతో "ముందు ఐఐటీ చూసుకో నాన్నా, మాస్టర్స్‌కి ఇక్కడికి రా" అన్నాను. వాడు అప్పటి నుంచి నాకు ఫోన్ చేయడం మానేసి నేరుగా మా అమ్మాయినే అడుగుతున్నాడు.