ఫోనా, కెమెరానా? విశాఖలో న్యూస్ ఫొటోకి ఏది మేలు?

పత్రికకు బయటి నుంచి వార్తలు పంపే స్ట్రింగర్‌గా కొత్తగా చేరే కుర్రాళ్లు ఇప్పుడు ఏ లెన్స్ కొనాలని అడగడం లేదు. "మంచి ఫోనుంది కదండీ, ఇంకా కెమెరా ఎందుకు?" అంటున్నారు. అడగాల్సిన ప్రశ్నే. 2013లో చికాగో సన్-టైమ్స్ పత్రిక తన ఫొటోగ్రాఫర్లందరినీ ఒక్కసారిగా ఇంటికి పంపి, విలేకరులకు ఐఫోన్‌తో ఫొటోలు తీయడం నేర్పించింది. మన దగ్గర అంత హడావిడి లేకుండానే ఫొటో బాధ్యత కూడా విలేకరి నెత్తిన పడుతోంది.

వేగం మాటకొస్తే వాదనే అక్కర్లేదు, ఫోనే. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైనప్పుడు, రోడ్ల మీద పడిపోయిన మనుషుల దృశ్యాలు ముందుగా బయటికొచ్చింది స్థానికుల ఫోన్లలోంచే. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) గాంధీ విగ్రహం దగ్గర ధర్నా, మంత్రిగారి ప్రెస్‌మీట్ లాంటివాటికీ ఫోను చాలు. జిల్లా పేజీలో రెండు కాలమ్‌లకు దర్జాగా సరిపోతుంది.

దూరం వచ్చేసరికి లెక్క మారుతుంది. మన ఊళ్లో సగం వార్తలు సముద్రం మీదే ఉంటాయి మరి. 2022 డిసెంబర్ 4న ఆర్కే బీచ్‌లో రాష్ట్రపతి ముందు జరిగిన నేవీ డే విన్యాసాల్లాంటివి ఫోనుతో తీస్తే యుద్ధనౌక చుక్కలా పడుతుంది, వేళ్లతో జూమ్ చేస్తే ఆ చుక్క మరకవుతుంది. అదే క్రాప్ సెన్సర్ బాడీకి (చిన్న సెన్సర్ ఉన్న కెమెరాకి) 70-300 ఎంఎం జూమ్ లెన్స్ తగిలిస్తే 450 ఎంఎం లెన్స్ చూపినంత దగ్గరగా అందుతుంది. డ్రోన్ ఉందిగా అంటారేమో. ఇక్కడ ఊళ్లోనే నేవీ వారి విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా ఉంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రెడ్ జోన్‌లో ఎగరేయాలంటే కేంద్రం అనుమతి ఉండాలి. ఎక్కడ ఏ జోనో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూసుకోకుండా పెళ్లి వీడియోల డ్రోన్ అద్దెకు తెచ్చారో, మర్నాడు పేపర్లో వార్త మీరే.

నేను ఎక్కువగా పట్టించుకునేది నమ్మకాన్ని. ఫోను ఒక్క నొక్కుకి చాలా ఫ్రేములు తీసి, కలిపి, నీడల్ని తేల్చి, ముఖాలు నునుపు చేసి ఇస్తుంది. సాయంత్రం భీమిలి రోడ్డు ఫొటోకి అది బాగానే ఉంటుంది. లాఠీ ఎవరి మీద పడిందో తేలాల్సిన ఫొటోలో ఆ అతుకులు నాకు నచ్చవు. పైగా వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోవడమే కాదు, తీసిన సమయం లాంటి వివరాలూ రాలిపోతాయి. ఫోనుతోనే పని కానిచ్చేవాళ్లు కనీసం డాక్యుమెంట్‌గా పంపండి. కెమెరా ఏ మెరుగులూ దిద్దకుండా దాచే 'రా' ఫైల్ దగ్గరుంటే, "ఇది ఏఐతో చేసింది" అని ఎవరైనా అన్నప్పుడు దాన్ని వాళ్ల ముందు పెట్టొచ్చు. వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో చివరి వడపోతకు వచ్చినవాళ్లను అసలు ఫైళ్లే అడుగుతారు. (రాయిటర్స్ వార్తాసంస్థ మాత్రం 2015లో ఫ్రీలాన్సర్లకు రా నుంచి తయారుచేసినవి వద్దు, కెమెరా ఇచ్చిన జేపెగ్‌లే పంపమంది. ఎవరి జాగ్రత్త వారిది!)

కెమెరా కొనాలనుకుంటే లోపల అద్దం లేని మిర్రర్‌లెస్సా, అద్దం ఉన్న పాత డీఎస్ఎల్ఆరా? శవం పక్కన తల్లి ఏడుస్తున్నప్పుడు టకటకమని శబ్దం చేయని కెమెరా ఎంత మేలో ఫీల్డులో తిరిగినవాళ్లకు తెలుసు. ఆ ఒక్క గుణానికే మిర్రర్‌లెస్‌కి సగం మార్కులు వేస్తాను. కాకపోతే సైలెంట్ షట్టర్‌లో ఎల్ఈడీ లైట్ల కింద చారలు పడతాయి, హెలికాప్టర్ రెక్కలు వంగిపోతాయి. బ్యాటరీ కూడా త్వరగా తాగేస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు. అలాంటప్పుడు ఒక్క చార్జింగ్‌తో వందల ఫొటోలు తీసే డీఎస్ఎల్ఆరే దిక్కు.

జీతం ఇంకా కుదరని స్ట్రింగర్‌కి నా ఓటు సెకండ్‌హ్యాండ్ డీఎస్ఎల్ఆర్‌కి, వైఫై ఉన్నదానికి. తీసేది కెమెరాలో, పంపేది ఫోనులోంచి. షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందన్న లెక్క) చూసి కొనండి, లెన్స్‌కి టార్చి కొట్టి ఫంగస్ ఉందేమో మరీ మరీ చూడండి. ఈ ఉప్పుగాలిలో అమ్మకానికొచ్చే లెన్స్‌లకు ఆ జబ్బు మామూలే. కొన్నాక గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి. బీచ్‌లో ఇసుక లేచేటప్పుడు లెన్స్ మార్చాల్సి వస్తే కారులోకో, ఏదైనా షాపులోకో వెళ్లి మార్చుకోండి.