హాస్టల్ గదికి ఏ అల్లిక సూది? 4 మి.మీ., 80 సెం.మీ. సర్క్యులర్ సూదిపై సమీక్ష

యూనివర్సిటీలో చదువుకుంటూ ఊలు అల్లేవాళ్ళు ముందుగా కొనాల్సింది పెద్ద సెట్టు కాదు, ఒక్క సర్క్యులర్ సూది. లావు 4 మి.మీ., పొడవు 80 సెం.మీ., మొనలు కేబుల్‌కి శాశ్వతంగా అతికించి ఉన్న రకం. సర్క్యులర్ అంటే దుకాణంలో తెలియకపోతే ‘మధ్యలో వైరున్న సూది’ అని చెప్పండి, తీసిస్తారు. మొదటి ఏడాదికి ఇది ఒక్కటి చాలు. రెండోది ఏ సైజు కొనాలో దీనితో అల్లుతుంటే మీకే తెలిసిపోతుంది.

మన ఇళ్ళలో పాత పెట్టెల్లో దొరికేవి ఎక్కువగా అల్యూమినియం జంట సూదులు. వాటిలో ‘పోనీ’ అనే బ్రాండు పేరు చాలామందికి పరిచయమే. నీలగిరుల్లోని కేత్తిలో నీడిల్ ఇండస్ట్రీస్ అనే సంస్థ చేసే సూదులవి. కంపెనీ చట్టం చదివే విద్యార్థులకు ఈ పేరు ఇంకో దారిలో ఎదురవుతుంది. 1981లో సుప్రీంకోర్టు ఇచ్చిన నీడిల్ ఇండస్ట్రీస్ తీర్పు ఈ సంస్థ గురించే. జంట సూదులు చెడ్డవని కాదు. గట్టివి, చవక, ఏళ్ళ తరబడి నిలుస్తాయి. ఇబ్బందంతా చోటుతోనే. ముప్పై, ముప్పై అయిదు సెంటీమీటర్ల సూదులు రెండు చేతుల్లో ఆడుతుంటే క్లాసు బెంచీలో పక్కవాళ్ళ మోచేతికి తగులుతాయి. సిటీ బస్సులో అసలు తీయలేం. పైగా అల్లిన బట్ట బరువంతా ఒకే సూది మీద, చేతికి దూరంగా వేలాడుతుంది కాబట్టి ఆ బరువు మణికట్టు మోయాలి. పగలంతా రికార్డులు రాసి, కీబోర్డు కొట్టిన చేతికి ఇది చిన్న సంగతి కాదు. సర్క్యులర్‌లో బట్ట కేబుల్ మీదికి జారి ఒళ్ళో కూర్చుంటుంది. చేతిలో ఉండేది పది, పన్నెండు సెంటీమీటర్ల మొన మాత్రమే. ఒక సూది మంచం కిందికి దొర్లిపోయి వెతుక్కునే బాధ కూడా లేదు.

సర్క్యులర్ అంటే గుండ్రటివి మాత్రమే అల్లాలనుకోవద్దు. వరుస చివర రెండు మొనలూ చేతులు మార్చి తిప్పి పట్టుకుంటే మఫ్లర్, స్వెట్టర్ ముందు భాగం, ఏదైనా చదునుగా వస్తుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. బెల్ కొట్టగానే వరుస మధ్యలో ఆపేస్తే, మళ్ళీ తీసినప్పుడు ఏ వైపుకి అల్లుతున్నామో తెలియక తారుమారవుతుంది. గుర్తు ఇదీ: ఉండ నుంచి వచ్చే దారం ఎప్పుడూ కుడిచేతి మొన మీది చివరి కుట్టు నుంచి వేలాడాలి. ఎడమ వైపు కనిపిస్తే సూదిని తిప్పి పట్టుకోండి. పొరపాటున వెనక్కి అల్లితే ఒక పక్క రెండు వరుసలు ఎక్కువై, తిరిగిన చోట చిన్న చిల్లు పడుతుంది. పది వరుసలు దాటాక చూసుకుంటే విప్పడం తప్ప మందు లేదు.

కొనేటప్పుడు మొదట చూడాల్సింది మొన, కేబుల్ కలిసే అతుకు. సర్క్యులర్ సూది మంచిదో కాదో చెప్పేది ఇదే, రంగూ పెట్టె కాదు. గోరు అడ్డంగా పెట్టి కేబుల్ మీంచి మొన వైపు లాగండి. మెట్టులా తగిలితే వదిలేయండి, ప్రతి కుట్టూ అక్కడ ఆగుతుంది, వేలితో తోయాల్సి వస్తుంది. తర్వాత ఒక ఊలు ముక్కను ఆ అతుకు చుట్టూ ఉచ్చులా వేసి జార్చండి. పోగు చిక్కితే అక్కడ సందు ఉన్నట్టే. ఆన్‌లైన్‌లో ఒకే పొట్లంలో పద్దెనిమిది సైజులు వచ్చే పేరులేని వెదురు సెట్లు చవకగా కనిపిస్తాయి. వాటిలో కేబుల్ బదులు బిరుసైన ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, అది మొనను పట్టుకునే చోటే బలహీనం. పద్దెనిమిదిలో మీరు వాడేది మూడో నాలుగో. ఆ డబ్బుతో ఒక్క మంచి సూది కొనుక్కోవడం మేలు.

పొట్లంలో చుట్టగా మడిచి ఉండటం వల్ల కొత్త కేబుల్ స్ప్రింగులా ముడుచుకుంటుంది. కెటిల్‌లో నీళ్ళు వేడి చేసి మగ్గులో పోసి, కేబుల్ భాగం మాత్రం నిమిషంసేపు ముంచండి. బయటికి తీసి, రెండు చివర్లూ పట్టుకుని నిటారుగా లాగి, చల్లారేదాకా అలాగే ఉంచండి. మొనలు, అతుకులు నీళ్ళలో పడకూడదు. వేడికి జిగురు వదులుతుంది, చెక్క మొన అయితే ఉబ్బుతుంది.

ఇక సైజు. కొత్తవాళ్ళు ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. మన దుకాణాల్లో పాత బ్రిటిష్ నంబర్లు ఇంకా నడుస్తున్నాయి. ఆ లెక్కలో నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 10 నంబర్ అంటే 3.25 మి.మీ., 9 అంటే 3.75, 8 అంటే 4, 7 అంటే 4.5, 6 అంటే 5 మి.మీ. అమెరికా లెక్క దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ నంబర్ పెరిగితే లావు పెరుగుతుంది, 6 అంటే 4 మి.మీ., 8 అంటే 5 మి.మీ. కాబట్టి అమెరికా ప్యాటర్న్‌లో 8 అని చూసి ఇక్కడ ‘8 నంబర్’ అడిగితే, 5 మి.మీ. కావలసినచోట 4 మి.మీ. వస్తుంది. టోపీ పిల్లాడి సైజుకి కుంచించుకుపోతుంది. నంబర్ అడగకండి, మిల్లీమీటర్లే అడగండి. సూది మీద అచ్చు చెరిగిపోయి ఉంటే, చిల్లుల కొలత పలక ఒకటి దొరుకుతుంది, దానిలో దూర్చి చూడండి.

4 మి.మీ. ఎందుకంటే మన దగ్గర సులువుగా దొరికే మధ్యరకం ఊలుకి అది కుదురుతుంది. డీకే (డబుల్ నిట్టింగ్ అనే మధ్యరకం) మందం దారంతో స్టాకినెట్ (ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టా) అల్లితే 10 సెం.మీ.కి సుమారు 22 కుట్లు రావాలి. లేబుల్ మీద 4 ప్లై అని ఉన్నంత మాత్రాన మందం తేలదు. అది ఎన్ని పోగులు కలిపి పేనారో చెప్పే మాట, ఒక్కో పోగు ఎంత లావో చెప్పదు. ముప్పై కుట్లతో అరచేయంత ముక్క అల్లి, స్కేలు పెట్టి మధ్యలో లెక్కపెట్టండి. 24 వస్తే మీ చెయ్యి బిగువు, 4.5కి వెళ్ళాలి. 20 వస్తే చెయ్యి వదులు, 3.5 లేదా 3.75 తీసుకోవాలి.

మొన దేనితో చేసినదన్నది తర్వాతి ప్రశ్న. ఊలు పేరుతో మన దుకాణాల్లో అమ్మేది చాలావరకు అక్రిలిక్. ఉక్కపోత రోజున చెమట చేతులతో ప్లాస్టిక్ సూది మీద అక్రిలిక్ అస్సలు జారదు, ఒక్కో కుట్టూ లాగాల్సి వస్తుంది. దానికి లోహమే మందు. అల్యూమినియం తేలిక, ఇత్తడికి నికెల్ పూత వేసినవి కాస్త బరువు, బాగా జారుతాయి. జారుడు ఎక్కువైతే కొత్తవాళ్ళ కుట్లు మొన దాటి రాలతాయి, అదొక్కటే దాని లోపం. లోహం టిక్కుటిక్కుమని చప్పుడు చేస్తుంది కూడా. రూమ్మేట్ నిద్రపోతున్న గదిలో, లైబ్రరీ మెట్ల మీద చెక్కే నయం. చెక్క పట్టి ఉంచుతుంది, చప్పుడుండదు. కానీ 3 మి.మీ. లోపు చెక్క సూదులు హాస్టల్‌కి వద్దు, మంచం మీద మరిచి కూర్చుంటే విరుగుతాయి. మొన గరుకెక్కితే బాగా సన్నని ఉప్పుకాగితంతో రుద్ది, కొవ్వొత్తి మైనం రాసి గుడ్డతో తుడవండి. మొన మరీ పదునైనది కూడా తీసుకోవద్దు. వదులుగా పేనిన అక్రిలిక్‌ను అది చీల్చి, సగం పోగులనే ఎత్తుతుంది.

ఈ సూది విలువ పూర్తిగా తెలిసేది చంటిపిల్లల టోపీ అల్లినప్పుడు. మన ఎండల్లో పెద్దవాళ్ళ స్వెట్టర్‌కి పని తక్కువ. పురిటి బిడ్డ టోపీకి మాత్రం ప్రతి ఇంట్లోనూ పని ఉంటుంది, అక్కకో వదినకో కానుకగా ఇవ్వచ్చు. కావలసిన దారం 30 గ్రాముల లోపే. వేసవి బిడ్డకైతే నూలు దారం వాడండి, ఒంటికి హాయి. నూలుకి సాగే గుణం తక్కువ కాబట్టి అంచు కొంచెం బిగువుగా అల్లండి.

64 కుట్లు వేసుకోండి. కుట్లన్నీ కేబుల్ మీదికి జార్చి, 32 దగ్గర విడదీసి, మధ్యలోంచి కేబుల్‌ను ఉచ్చులా బయటికి లాగండి. ఇప్పుడు సగం ఈ మొన మీద, సగం ఆ మొన మీద ఉంటాయి. దీన్నే మ్యాజిక్ లూప్ అంటారు. కలిపే ముందు కుట్ల అడుగు అంచు అంతా ఒకే వైపుకి, లోపలికి ఉందో లేదో బల్ల మీద పరిచి చూడండి. ఒక్క మెలిక పడినా చివరిదాకా పోదు. వెనక మొనను బయటికి లాగి, దానితో ముందు సగం అల్లి, తిప్పి, రెండో సగం అల్లితే ఒక చుట్టు అయినట్టు. రెండు నిట్ (సీదా), రెండు పర్ల్ (ఉల్టా) చొప్పున 3 సెం.మీ. అంచు. తర్వాతి చుట్టులో ప్రతి 8 కుట్లకూ ఒకటి పెంచితే 72 అవుతాయి. అంచుకి వేరే సన్న సూది కొనకుండా బిగువు తెచ్చే ఉపాయం ఇది. అంచుతో కలిపి 10 సెం.మీ. వచ్చేదాకా ఇక అంతా నిట్. ఆ పైన ప్రతి 7 కుట్ల తర్వాత రెండు కలిపి అల్లండి, ఒక చుట్టు మామూలుగా, మళ్ళీ ప్రతి 6 తర్వాత రెండు కలిపి. అలా చుట్టు విడిచి చుట్టు 8 కుట్ల చొప్పున తగ్గిస్తూ పోతే చివరికి 8 మిగులుతాయి. దారం కత్తిరించి, కుట్టు సూదితో ఆ ఎనిమిదింటిలోంచీ లాగి బిగించి, లోపల దాచేయండి.

ఎక్కువగా వచ్చే లోపం, రెండు సగాలు కలిసే చోట నిచ్చెనలా వదులు గీత. చాలామంది అక్కడి మొదటి కుట్టునే గట్టిగా లాగుతారు, లాభం ఉండదు. రెండో కుట్టు అల్లిన తర్వాత లాగితే బిగువు నిలుస్తుంది. సాదా నిట్ భాగంలో అయితే ప్రతి చుట్టుకీ రెండు కుట్లు పక్కకి జరిపి విడదీయండి, గీత ఒకేచోట పేరుకోదు. 60 సెం.మీ. సూదితో ఈ పద్ధతి కుదరదు, రెండు ఉచ్చులకి కేబుల్ చాలదు. 100 ఇంకా హాయిగా ఉంటుంది గానీ చిన్న ముక్కలు చదునుగా అల్లేటప్పుడు పొడవు అడ్డం వస్తుంది. 80 అన్నది అందుకే.

మొనలు మార్చుకునే సెట్ల గురించి చాలామంది అడుగుతారు. నోయిడాలోని నిట్‌ప్రో మన దేశపు సంస్థే. అమెరికాలో చదివే మనవాళ్ళు నిటర్స్ ప్రైడ్ పేరుతో చూసినవి కూడా వీళ్ళవే. జింగ్ అనేది అల్యూమినియం, సైజుకో రంగు. సింఫనీ పొరలు పొరలుగా అతికించిన బర్చ్ చెక్క. ఈ సంస్థ 80 సెం.మీ. అని అమ్మే కేబుల్‌ని కొలిస్తే 56 సెం.మీ.నే ఉంటుంది, 60 అన్నది 35. మోసమేమీ లేదు, మొనలతో కలిపి చెప్పే పొడవు అది. 40 సెం.మీ. కావాలంటే పొట్టి మొనలు విడిగా కొనాలి.

ఏ సంస్థ సెట్టయినా మరచుట్టు అతుకు చేత్తో బిగిస్తే చాలదు. కేబుల్ చివరి చిల్లులో, సెట్టుతో వచ్చే సన్న తాళంపుల్ల దూర్చి, మొనకి రబ్బరు బ్యాండు చుట్టి పట్టుకుని, ఆగేదాకా తిప్పాలి. లేకపోతే అల్లేటప్పటి మెలికకే మర కొంచెం కొంచెంగా విప్పుకుని, సందులో పోగు చిక్కి, ఒక్కసారిగా ఊడి కుట్లన్నీ రాలతాయి. పది వరుసలకోసారి వేలితో తడిమి చూడండి. ఒక సంస్థ మొన ఇంకో సంస్థ కేబుల్‌కి పడుతుందని నమ్మి కొనకండి. ఈ సెట్లలో నిజంగా మెచ్చుకోదగ్గవి రెండు. సెమిస్టర్ పరీక్షలొస్తే మొనలు విప్పి, కేబుల్‌కి మూతలు బిగించి, పనిని అలాగే నెల పక్కన పెట్టొచ్చు. రెండోది, ఆ తాళంపుల్ల చిల్లులో సన్న దారం కట్టి అల్లితే ఆ వరుస కుట్లన్నిటిలోంచీ దారం తానే వెళుతుంది. పైన తప్పు జరిగితే అక్కడిదాకా నిర్భయంగా విప్పొచ్చు. లేసు అల్లేవాళ్ళకి ఇదొక్కటే సెట్టు ధరకి న్యాయం చేస్తుంది. సెట్టు వేలల్లో, విడి సూది వందల్లో ఉంటుంది కాబట్టి, ఒకే సమయంలో మూడు పనులు నడిపే స్థితి వచ్చాకే సెట్టు వైపు వెళ్ళండి.

బ్యాగులో పెట్టేటప్పుడు రబ్బరును రెండు ముక్కలు కోసి మొనలకి గుచ్చండి, కుట్లు జారవు, పుస్తకాలకి చిల్లు పడదు. కేబుల్‌ను బిగువుగా మడవకండి, అరచేయంత చుట్టగా చుట్టి జామెట్రీ బాక్సులో కాకుండా గుడ్డ పౌచ్‌లో వేయండి. మడతపడిన చోటే తర్వాత విరుగుతుంది. అక్రిలిక్ ముక్కకి మాత్రం హాస్టల్ ఇస్త్రీపెట్టె తగలనివ్వద్దు. వేడికి కుట్లు చచ్చిపోయి రిబ్బు (నిట్, పర్ల్ కలిపిన అంచు) సాగడం మానేస్తుంది, మళ్ళీ తడిపినా తిరిగిరాదు. చల్లని నీళ్ళలో తడిపి, తువ్వాలులో చుట్టి నొక్కి, నీడన పరిచి ఆరబెట్టండి.