పులి కోసం కాదు, గైడు కోసం వెళ్లండి: అమ్రాబాద్ యాత్ర

నల్లగొండ నుంచి శ్రీశైలం పోయేవాళ్లలో ఎక్కువమంది మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రుసుం కట్టేసి ముందుకు సాగిపోతారు. ఈసారి మేం అమ్రాబాద్ పులుల అభయారణ్యం చూద్దామని అక్కడే దిగాం. దేవరకొండ, డిండి, హాజీపూర్ మీదుగా వెళ్లాం, రోడ్డుకు వంక పెట్టేదేం లేదు. ఉమామహేశ్వరం గుడి దారిలోనే తగులుతుంది. కొండచరియ కింద చల్లగా బాగుంటుంది కానీ చేతిలో కొబ్బరిచిప్ప కనిపిస్తే కోతులు వదలవు.

మొదటి రాత్రి దారిలో ఒక ప్రైవేటు లాడ్జిలో పడుకున్నాం. పేరెందుకులెండి. ఏసీ రేటు తీసుకుని, ‘ఇవాళ పని చేయట్లేదు సార్’ అన్నారు. తెల్లారగానే మన్ననూరులో అటవీశాఖ కాటేజీకి మారాం. గది చిన్నదే, శుభ్రంగా ఉంది. ఇక్కడ 2021లో మొదలుపెట్టిన ప్యాకేజీలో బసతో పాటు సఫారీ, అడవి నడక కూడా ఉంటాయి. విడివిడిగా తీసుకోవడం కన్నా ఇదే నయం.

సఫారీలో ఫర్హాబాద్ వ్యూపాయింట్ దాకా తీసుకెళ్తారు. దుప్పులు, నెమళ్లు కనిపించాయి, పులి కనిపించలేదు. 2,600 చదరపు కిలోమీటర్లు దాటిన అడవిలో ఇది మామూలే. మా బావ మాత్రం ఊరుకోలేదు. ఆయన అస్సాంలోని కాజీరంగా అడవి చూసొచ్చిన మనిషి. ‘అక్కడైతే జీపు దిగకుండానే ఖడ్గమృగాలు చూశా’ అని మొదలుపెట్టాడు.

గైడుగా వచ్చిన చెంచు కుర్రాడు నవ్వి, జీపు ఆపించి, చెట్టుకు కట్టిన కెమెరా చూపించాడు. ఎదుట ఏది కదిలినా ఫొటో తీస్తుంది. పులుల చారలు ఒకదానివి ఒకదానికి కలవవు కాబట్టి ఏ పులో తెలిసిపోతుంది. ‘దొంగగా వచ్చిన మనిషి కూడా పడతడు సార్’ అన్నాడు. వేటగాళ్లు ఎక్కువగా వాడేది తుపాకీ కాదట, బైకు క్లచ్ వైరు. అడవిపంది కోసం కాలిబాట మీద పెట్టిన ఉచ్చులో చిరుత పడ్డా, పులి పడ్డా వైరుకు తేడా తెలియదు. ఎండాకాలంలో నీళ్లు కొన్నిచోట్లే మిగులుతాయి, జంతువులన్నీ అక్కడికే రావాలి. అందుకే సాసర్ పిట్లు (జంతువులు తాగడానికి కట్టిన లోతులేని నీటి తొట్లు) నింపుతూ, వాటి చుట్టూ ఉచ్చుల కోసం వెతుకుతూ నడవడమే అడవిలోని బేస్‌క్యాంపుల్లో ఉండే కాపలావాళ్ల పని. వాళ్లలో చాలామంది చెంచులే. ఆకు ఒత్తుకుపోయిన తీరు చూసి ఎవరు ఎటు పోయారో చెప్పగలరు.

బావ చెప్పిన ఖడ్గమృగాలకూ వేటగాళ్ల బెడద ఉంది. వాటి కొమ్ములో ఉన్నది మన గోళ్లలో ఉన్న కెరాటిన్ అనే పదార్థమే. దానికి మందు గుణం ఉందన్న నమ్మకం ఎంతగా ప్రాణాలు తీసిందంటే, 2021లో అస్సాం ప్రభుత్వం నిల్వ ఉంచిన 2,479 కొమ్ముల్ని బహిరంగంగా తగలబెట్టింది. మరుసటి ఏడాది అక్కడ ఒక్క ఖడ్గమృగం కూడా వేటకు బలి కాలేదు. మనవైపు పులిగోరు పతకం ఇప్పటికీ గొప్ప కదా! అనుమతి పత్రం లేకుండా అసలు పులిగోరు ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఈ మాట వినగానే బావ చెయ్యి మెడ మీదికి పోయింది. ఆయనది ప్లాస్టిక్‌దేలెండి.

ఇదే అడవిలోని మల్లెలతీర్థం జలపాతానికి వానలయ్యాక, నీళ్లున్నప్పుడే వెళ్లండి. మెట్లు వందల్లో ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైనే ఆగడం మంచిది. జూలై నుంచి సెప్టెంబర్ వరకు సఫారీ ఉండదు. రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు అడవి దారి మూసేస్తారు. చెక్‌పోస్టు దగ్గర బతిమాలి లాభం లేదు. చీకట్లో బండ్ల కింద జంతువులు పడకుండా, వేటగాళ్ల బండ్లు తిరగకుండా పెట్టిన నియమం అది.