ఆరేళ్లుగా నా చేతిలో సిగార్ పెట్టె గిటారు

అలబామాలో మా ఇంటి గ్యారేజీలో ఈ ఆరేళ్లలో మూడు సిగార్ పెట్టె గిటార్లు చేసుకున్నాను. అంటే ఖాళీ సిగార్ పెట్టెకి కర్ర బిగించి, మూడు తీగలు కట్టినవి. రెండు ఇంకా వాయిస్తున్నాను, ఒకటి గోడకి వేలాడుతోంది. కొత్తలో రాసి ఉంటే పొగడ్తలతోనే సరిపోయేది. ఏది నిలబడిందో, ఏది పాడయిందో ఇప్పుడైతే చెప్పగలను.

ఇక్కడి సిగార్ షాపుల్లో ఖాళీ పెట్టెలు నాలుగైదు డాలర్లకే ఇచ్చేస్తారు. ఇది ఈ మధ్య పుట్టిన సరదా కాదు. అమెరికా అంతర్యుద్ధం నాటి శిబిరంలో ఒక సైనికుడు సిగార్ పెట్టె ఫిడేలు వాయిస్తున్నట్టు ఎడ్విన్ ఫోర్బ్స్ అనే చిత్రకారుడు బొమ్మ గీశాడు. డేనియల్ బేర్డ్ అనే రచయిత 1884లోనే సిగార్ పెట్టెతో బాంజో ఎలా చేసుకోవాలో అచ్చు వేయించాడు. రాక్ అండ్ రోల్ గాయకుడు కార్ల్ పెర్కిన్స్ మొదటి గిటారు కూడా వాళ్ల నాన్న సిగార్ పెట్టెకి చీపురు కర్ర బిగించి చేసిచ్చిందే. గిటారు కొనుక్కోలేని ఇళ్లలో పెరిగిన వాయిద్యం కాబట్టి పనిముట్లూ పెద్దగా అక్కర్లేదు. చేతి రంపం, ఉలి, డ్రిల్లు, ఆకురాయి, ఈ నాలుగింటితోనే నేను మూడూ చేశాను.

మొదటిదాంట్లో పెద్ద పొరపాటు చేశాను. ధ్యాసంతా అందమైన పెట్టె మీద పెట్టి, దండికి, అంటే తీగలు సాగే పొడవాటి కర్రకి, చేతికందిన పోప్లర్ చెక్క వాడేశాను. ఒకటిన్నర అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం. రెండో వేసవికి ఇక్కడి ఉక్కపోతలో అది విల్లులా వంగింది. నడిమి భాగంలో తీగలకీ చెక్కకీ మధ్య చిటికెనవేలు దూరేంత ఎడం వచ్చింది. దుకాణంలో అమ్మే చాలా గిటార్లకైతే దండి లోపల ఇనుప కడ్డీ ఉంటుంది, వంగితే తిప్పి సరిచేసుకోవచ్చు. దీనికి ఆ వీలు లేదు. రెండోదానికి గట్టి మేపుల్ తీసుకున్నాను. ఒక కన్ను మూసి చెక్క వెంబడి చూసి, చారలు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తిన్నగా ఉన్నదే ఏరుకున్నాను. అయిదేళ్లయింది, వెంట్రుకవాసి కూడా వంగలేదు. డబ్బు ఒక్కచోటే పెట్టగలిగితే దండి మీద పెట్టండి.

పెట్టెల్లోనూ తేడా ఉంది. కాగితం అంటించిన అట్టలాంటి మూత బ్రిడ్జి (మూత మీద తీగలు ఆనే ముక్క) కింద ఆరు నెలలకే కుంగింది. పలచని అసలు చెక్క మూత ఉన్న పెట్టె మాత్రం అలాగే ఉంది. దండి పెట్టెలోంచి ఈ పక్క నుంచి ఆ పక్కకి దూరి వెళ్తుంది కదా, ఆ భాగం మూతకి ఆనకుండా అంగుళంలో ఎనిమిదో వంతు ఉలితో చెక్కేయాలి. మొదటిదానికి ఈ సంగతి తెలియక మూతని దండికి అంటించేశాను, శబ్దం గొంతులోనే ఉండిపోయేది. రెండోదానికి ఓపిగ్గా, పొట్టు రాలుస్తూ ఒక సాయంత్రమంతా చెక్కాను. తీగ మీటగానే మూత అదురు అరచేతికి తగిలింది. చెక్కలోంచి దేవదారు వాసన, దాని వెనకాలే పొగాకు వాసన. అవి ఇప్పటికీ పోలేదు.

తీగల సంగతి. ఆరు తీగల అకౌస్టిక్ సెట్టు కొని అందులో 5, 4, 3 తీగలు కడతాను. 5వదాన్ని ‘ఏ’ నుంచి ‘జీ’కి దించుతాను, మిగతా రెండూ ఎలా ఉన్నవి అలాగే. జీ, డీ, జీ. మొదటిసారి మూడూ కలిపి మీటినప్పుడు అమ్మ వీడియో కాల్‌లో ఉంది. “ఎక్కడిదే ఆ తంబూర?” అంది. నాకు ఒళ్లు ఝల్లుమంది. అవును, జీని స అనుకుంటే అది స ప స. అమెరికా దక్షిణాదిలో బ్లూస్ వాయించే శ్రుతీ, మా పిన్ని పాట మొదలెట్టే ముందు సరిచూసుకునే శ్రుతీ ఒకటే. పైగా ఇందులో గాంధారం లేదు. సాధారణ గాంధారం (కింది గ) వాయించినా, అంతర గాంధారం (పై గ) వాయించినా కింద మోగే తీగలు కాదనవు. పంచమం ఉన్న ఏ రాగానికైనా ఒదిగిపోతుంది.

అందుకే నా తీర్పు: మనలాంటి చెవి ఉన్నవాళ్లు దీనికి మెట్లు (ఫ్రెట్లు) వేయకండి.

దీనికో లెక్క ఉంది. నా గిటారు మీద నట్ (దండి పై కొసన తీగలు ఆనే చోటు) నుంచి బ్రిడ్జికి 25 అంగుళాలు. తంబూరలో కలిసిపోయే అంతర గాంధారం బ్రిడ్జి నుంచి తీగ పొడవులో అయిదింట నాలుగు వంతుల దగ్గర పలుకుతుంది, అంటే నట్ నుంచి సరిగ్గా 5 అంగుళాలకి. గిటారు లెక్క ప్రకారం నాలుగో ఫ్రెట్ వేస్తే అది 5.16 అంగుళాల దగ్గర పడుతుంది. తేడా సుమారు 4 మిల్లీమీటర్లు. మోహన రాగం వాయిస్తే ఆ 4 మిల్లీమీటర్లు చెవికి గుచ్చుకుంటాయి. తీగ మీద జారించే గొట్టం, అదే స్లైడుతో అయితే, దాన్ని ఎక్కడ ఆపాలో చెవే చెబుతుంది.

స్లైడుగా నేను వాడేది పానా సెట్టులోని పొడవాటి సాకెట్టు. చిటికెనవేలికి తొడిగి తీగ మీద ఆనించాలి, నొక్కకూడదు. నొక్కితే చెక్కకి తగిలి టకటకమంటుంది. దాని వెనక మిగతా వేళ్లని తీగల మీద మెత్తగా వాల్చి ఉంచాలి, లేకపోతే ప్రతి స్వరం వెనకా కీచుమనే చప్పుడు వస్తుంది. ఈ వెనక వేళ్ల అలవాటు కుదరడానికే నాకు మూడు నెలలు పట్టింది. ఆ తర్వాత రిషభం నుంచి గాంధారానికి జారుతూ వెళ్లడం వచ్చింది. మన గోటువాద్యం కూడా మెట్లు లేకుండా తీగ మీద నున్నటి కర్ర ముక్క జరిపి వాయించేదే. ఆ దారి మనకి కొత్త కాదు.

మూడోది మెట్లున్నది, మా అమ్మాయి కోసం ఆన్‌లైన్‌లో కొన్న కిట్‌తో చేశాను. దండి మీద మూడో మెట్టు కూర్చునే గాడి పక్కకి కోసి పంపారు. ఆ స్వరం ఎప్పుడూ అపశ్రుతే. ఫొటోలు, కొలతలు పంపినా మార్చివ్వలేదు. గాడులు కోసిన దండి కొంటే ముందు స్కేలు పెట్టి కొలవండి. నట్ నుంచి 12వ ఫ్రెట్‌కీ, అక్కడి నుంచి బ్రిడ్జికీ దూరం ఇంచుమించు సమానంగా ఉండాలి.

లోటుపాట్లూ చెప్పాలి. శబ్దం చిన్నది, నలుగురు మాట్లాడుకునే గదిలో వినపడదు. మూత లోపల, అదురుని కరెంటు సంకేతంగా మార్చే పీజో బిళ్ల అంటించి ఆంప్లిఫయర్‌కి కలిపితే వినపడుతుంది కానీ, మూత మీద చెయ్యి ఆనినా దబ్బుమంటుంది. బిళ్లకీ చెక్కకీ మధ్య పలచని బెండు ముక్క పెట్టాక కాస్త తగ్గింది. కార్డులు మారుతూ పోయే సినిమా పాటలకి పక్కవాద్యంగా ఇది సరిపోదు. వేగంగా స్వరాలు వేయాలన్నా కష్టమే.

ఏడాదికి రెండుసార్లు తీగలు మారుస్తాను. నట్‌గా పెట్టిన ఇనుప బోల్టు అప్పటికి కాస్త తుప్పు పడుతుంది, కొబ్బరినూనె గుడ్డతో తుడిస్తే చాలు. పోయిన వారం తుడిచి, కొత్త తీగలు కట్టి, స ప స సరిచేసి అమ్మకి ఫోన్ చేశాను. ఈసారి ఏమిటని అడగలేదు, మోహనలో ఆలాపన అందుకుంది. గాంధారం దగ్గర ఆమె ఎక్కడ నిలిచిందో సాకెట్టు కూడా అక్కడే నిలిచింది.